లెగోతో మారుతి 800: ఏ కొలత దగ్గర మొదలుపెట్టాలి?

హన్మకొండ_పిల్లర్
అందరికీ నమస్తే. మా నాన్న నడిపిన 800కి లెగోతో మోడల్ కట్టాలని ఉంది. తెల్లది, 1994 మోడల్, ఏపీ 36 నంబరు. బండి ఇప్పుడు మా దగ్గర లేదు, ఫొటోలు మాత్రం బోలెడు. పెళ్లి ఫొటో అయినా, మేడారం జాతర ఫొటో అయినా ఏదో ఒక మూల అది నిలబడే ఉంటుంది.

800కి లెగో సెట్ రాలేదు కాబట్టి డిజైన్ సొంతంగా చేసుకోవాల్సిందే. విడి లెగో ముక్కలు అమ్మే బ్రిక్‌లింక్ సైటు వాళ్ల స్టూడియో సాఫ్ట్‌వేర్ (కంప్యూటర్‌లో లెగో డిజైన్ చేసేది) దించుకున్నాను. అసలు కారు పొడవు 3335 మిల్లీమీటర్లు, వెడల్పు 1440, ఎత్తు 1405, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2175. ఇక్కడి నుంచే అర్థం కావడం లేదు. వెడల్పు 10 స్టడ్లు (లెగో ముక్క మీది గుండ్రటి బొడిపెలు) అనుకుని మిగతావి దానికి తగ్గట్టు చేసుకోవాలా, 12 అనుకోవాలా? ఇంట్లో 960 ముక్కల ఫియట్ 500 సెట్ కూడా ఉంది. వీలైతే రెండూ పక్కపక్కన పెట్టాలని ఆశ.

కాజీపేట_లోకో
ముందు ఏ 800 అన్నది తేల్చుకో తమ్మీ. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ ఢిల్లీలో హర్పాల్ సింగ్ గారికి తాళాలు ఇచ్చిన మొదటి బండి ఎస్‌ఎస్80 అనే మొదటి తరం. దాని నంబరు డీఐఏ 6479, తెల్లదే. 1986లో వచ్చిన రెండో తరం బాడీ వేరు. నువ్వు ఇచ్చిన కొలతలు రెండో తరానివి, మీ నాన్నగారిది 1994 అన్నావు కాబట్టి అదే. నెట్‌లో ఫొటో వెతికితే రెండూ కలిసిపోయి వస్తాయి. ముందు భాగం ఒకదాంట్లోంచి, వెనక భాగం ఇంకోదాంట్లోంచి తీసుకుంటే రెండు బండ్లు అతికించినట్టు ఉంటుంది.

గోదావరిఖని_గేర్
వెడల్పుతో మొదలుపెట్టకండి, పొడవుతోనూ వద్దు. టైరు దగ్గర మొదలుపెట్టండి.

కారణం చెప్తాను. లెగోలో బాడీని ఎంత కావాలంటే అంత సాగదీయొచ్చు, ఒక స్టడ్ తగ్గించొచ్చు, అర స్టడ్ పెంచొచ్చు. టైరు మాత్రం వాళ్లు ఏ సైజుల్లో చేస్తే ఆ సైజులే. కాబట్టి టైరును బట్టే బాడీ.

800 టైరు 145/70 ఆర్12. రిమ్ము 12 అంగుళాలు, అంటే 305 మి.మీ. పైనా కిందా రబ్బరు చెరో 101.5 (145 వెడల్పులో 70 శాతం). మొత్తం వ్యాసం దాదాపు 508. లెగోలో 30.4 మి.మీ. టైరు ఉంది, 18 మి.మీ. రిమ్ము మీద ఎక్కుతుంది. 508ని 30.4తో భాగిస్తే 16.7. అదే మీ స్కేలు, అంటే మోడల్ అసలు బండిలో 16.7వ వంతు. ఆ లెక్కన అసలు రిమ్ము 18.2 మి.మీ. రావాలి, లెగో రిమ్ము 18. ఇంత దగ్గరగా కుదరడం అరుదు.

ఇక మిగతావి. స్టడ్‌కీ స్టడ్‌కీ మధ్య 8 మి.మీ., ప్లేట్ (పలచటి ముక్క) మందం 3.2, బ్రిక్ (మామూలు ఇటుక ముక్క) ఎత్తు 9.6.
పొడవు: 3335 ÷ 16.7 = 200 మి.మీ., సరిగ్గా 25 స్టడ్లు.
వీల్‌బేస్: 130 మి.మీ., 16 స్టడ్ల మీద కాస్త.
ఎత్తు: 84 మి.మీ., నేల నుంచి 26 ప్లేట్లు.
వెడల్పు: 86 మి.మీ., 10.8 స్టడ్లు.

వెడల్పు ఒక్కటే తలనొప్పి. 10 పెడితే సన్నబడుతుంది, 12 పెడితే వ్యాన్ అవుతుంది. 11 పెట్టాలి. బేసి సంఖ్య అనగానే చాలామంది జంకుతారు, దాని సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

శ్రీలత_సుబేదారి
గేర్ గారూ, లెక్క బాగుంది. కానీ ఆయన ఫియట్ పక్కన పెట్టాలంటున్నారు కదా. ఆ సెట్ పొడవు 24 సెంటీమీటర్లు, అసలు ఫియట్ 500 పొడవు 2.97 మీటర్లు. అంటే స్కేలు దాదాపు 12. మీ లెక్కన 800 పొడవు 20 సెంటీమీటర్లే వస్తుంది. అసలు కొలతల్లో 800 పెద్దది, షెల్ఫ్ మీదేమో చిన్నది అయిపోతుంది. చూసినవాళ్లకు ఏదో తేడాగా అనిపించదూ?

43.2 మి.మీ. టైరు కూడా ఉంది. దాంతో లెక్కేస్తే 11.8 స్కేలు, 35 స్టడ్ల పొడవు, 15 వెడల్పు. నాకైతే అదే నచ్చింది. లోపల సీట్లు, డాష్‌బోర్డు, గేర్ రాడ్ అన్నీ పెట్టుకోవచ్చు.

గోదావరిఖని_గేర్
పెట్టుకోవచ్చు అక్కా, కాదనను. ఖర్చు చూడండి. 16.7 నుంచి 11.8కి వస్తే పైపెంకు వైశాల్యం రెట్టింపు అవుతుంది. ముక్కలు కూడా ఇంచుమించు అదే లెక్కలో పెరుగుతాయి. సెట్ కొనడం వేరు, ఆ ముక్కల్ని విడివిడిగా ఏరి కొనడం వేరు. మొదటి డిజైన్‌కి ఇంత భారం ఎందుకు?

శ్రీలత_సుబేదారి
ఖర్చు ఆయనది, సలహా మాత్రం నాది 🙂 ఫియట్ పక్కన చిన్నగా కనిపిస్తుందన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

హన్మకొండ_పిల్లర్
అక్కా, ఫియట్‌ను పై అరలోకి పంపిస్తాను. 16.7కే మొగ్గుతున్నాను.

కరీంనగర్_కార్బొరేటర్
నాకు లెగో గురించి ఏమీ తెలియదు, మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. 800లు మాత్రం చాలా ఏళ్లు విప్పి బిగించాను కాబట్టి నాలుగు మాటలు చెప్తా.

800 ఎందుకు 800లా ఉంటుందంటే దాని మీద ఉన్న వస్తువుల వల్ల కాదు. అసలు దాని మీద ఏముంది? నల్ల ప్లాస్టిక్ బంపర్, నల్ల హ్యాండిల్, డ్రైవర్ వైపు ఒక అద్దం. మామూలు మోడల్‌కి ఎడమ అద్దం కూడా ఉండేది కాదు. చక్రాలు చిన్నవి, అవి కూడా నాలుగు మూలలకు జరిగి ఉంటాయి. కింద రేకు తక్కువ, పైన గాజు ఎక్కువ. ఆ గాజును పట్టుకునే పిల్లర్లు వేలంత సన్నం. దూరం నుంచి చూస్తే టాపు గాజుల మీదే నిలబడినట్టు ఉంటుంది. ఇప్పటి కార్లలో పిల్లర్ వెనక మనిషి నిలబడితే కనబడడు.

మా అబ్బాయి ఇక్కడే ఇంకొకరు పెట్టిన 800 మోడల్ ఫొటో చూపించాడు. వైపర్లు, నంబర్ ప్లేటు, స్టీరింగ్ అన్నీ ఉన్నాయి. కానీ పిల్లర్లు గోడల్లా ఉన్నాయి. అది నాకు జీపులా కనిపించింది.

ఇంకొకటి. ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు, ముందు అడ్డంగా కూర్చుంటుంది. అందుకే బానెట్ అంత పొట్టి. దాన్ని పొడుగు చేస్తే పోలిక పోతుంది.

గోదావరిఖని_గేర్
కార్బొరేటర్ గారికి దండం. ఈ చర్చలో అసలు మాట మీరే చెప్పారు.

ఆ పిల్లర్ల సంగతి లెగో భాషలో చెప్తాను. మన స్కేల్లో ఒక స్టడ్ వెడల్పు అంటే అసలు బండి మీద 134 మి.మీ. అంత లావు పిల్లర్ 800కి ఎక్కడిది? అందుకే బ్రిక్కులు పేర్చి పిల్లర్ కడితే గోడ అవుతుంది. అదే ప్లేట్‌ను నిలువుగా, పక్కకు తిప్పి పెడితే మందం 3.2, అంటే అసలు బండి మీద 53 మి.మీ. ముందు పిల్లర్ దాదాపు అంతే కదా?

కరీంనగర్_కార్బొరేటర్
అంతే ఉంటది.

గోదావరిఖని_గేర్
ఇంకేం. పిల్లర్ గారూ (పేరు భలే పెట్టుకున్నారు), తలుపుల వరుస దాకా మామూలుగా స్టడ్లు పైకి ఉండేలా కట్టండి. నడుము గీత (కిటికీల కింది అంచు) దగ్గర బ్రాకెట్లు, అంటే ఎల్ ఆకారం ముక్కలు, పెట్టి దిశ మార్చండి, అక్కడి నుంచి పైన అంతా పక్కకు తిరిగిన పని. దీన్నే స్నాట్ (స్టడ్స్ నాట్ ఆన్ టాప్) అంటారు. 5 ప్లేట్ల ఎత్తు 16 మి.మీ., 2 స్టడ్ల వెడల్పూ 16 మి.మీ. పక్కకు తిప్పిన భాగం మామూలు భాగంలో సందు లేకుండా కూర్చునేది ఈ ఒక్క లెక్క వల్లే. ఇది పట్టుబడితే మిగతాదంతా ఓపిక.

ముందు అద్దం వాలు కోసం రెడీమేడ్ విండ్‌స్క్రీన్ ముక్క వెతకొద్దు, 11 వెడల్పుకి కుదరదు. చిన్న హింజ్ ప్లేట్ల (కబ్జాలా వంగే ముక్కలు) మీద ఫ్రేము వాల్చండి. గాజు అసలు పెట్టకపోయినా తప్పు లేదు. ఖాళీగా వదిలిన కిటికీ, గీతలు పడిన ట్రాన్స్‌పరెంట్ ముక్క కంటే నయం.

ములుగు_రామప్ప
ఇటుకలతో కట్టడం గురించి ఇంత చర్చ మా జిల్లా వాళ్లు లేకుండానా! 1213లో రామప్ప గుడి శిఖరానికి వాడినవి నీళ్లలో తేలే ఇటుకలు. బరువు తగ్గించాలంటే పైన తేలిక సామాను వాడాలని మావాళ్లు అప్పుడే తేల్చేశారు. మీ టాపు కూడా తేలిగ్గా పెట్టండి, ఆ సన్నటి పిల్లర్లు మోయాలి కదా.

గోదావరిఖని_గేర్
నవ్వులాటకు అన్నా నిజమే అన్నారు. టాపుకి బ్రిక్కులు వాడొద్దు. ఒక వరుస ప్లేట్లు, వాటి మీద టైల్స్ (పైన స్టడ్లు లేని నున్నటి ముక్కలు), అంతే.

కాజీపేట_లోకో
టాపు అంచున వాన నీళ్లు జారే సన్న గాడి మర్చిపోవద్దు. క్యారియర్ క్లాంపులు దానికే బిగించేవాళ్లు. తెల్లటి టైల్ వరుసను అర ప్లేట్ బయటికి జరిపితే ఆ గీత వస్తుంది.

హన్మకొండ_పిల్లర్
వారం గడిచింది. స్టూడియోలో బాడీ నిలబడింది. పిల్లర్లు పక్కకు తిప్పగానే బండి మొహమే మారిపోయింది, కార్బొరేటర్ గారికి థాంక్స్. మూడు సందేహాలు.

1. 11 వెడల్పులో నంబర్ ప్లేట్ మధ్యకు రావడం లేదు.
2. టైరు వెడల్పు 14 మి.మీ. అసలు టైరు 145 అంటే మన స్కేల్లో 8.7 రావాలి. ముందు నుంచి చూస్తే ట్రాక్టర్ టైర్లలా ఉన్నాయి.
3. తలుపులు తెరుచుకునేలా పెట్టాలా?

గోదావరిఖని_గేర్
ఒకటోది. 11 వెడల్పులో మధ్య గీత ఒక స్టడ్ నడిమీద పడుతుంది. సరి సంఖ్య ముక్క ఏది పెట్టినా అర స్టడ్ పక్కకు పోతుంది. దానికి మందు జంపర్ ప్లేట్: 1×2 సైజు, పైన నడుమ ఒకటే స్టడ్. బేసి వెడల్పుకి భయపడేవాళ్లంతా ఒక గుప్పెడు జంపర్లు దగ్గర పెట్టుకుంటే భయం పోతుంది. అసలు నంబర్ ప్లేట్ 500×120 మి.మీ., మన స్కేల్లో 30×7.2. 1×4 టైల్ 32×8. దాదాపు అదే. జంపర్ మీద 1×4 టైల్ పెట్టండి, నడిమధ్యలో కూర్చుంటుంది.

రెండోది. టైరును లోపలికి నెట్టండి. బయటి మొహం బాడీతో సమానంగా ఉంటే పక్క నుంచి వెడల్పు తెలియదు. ముందు నుంచి బంపర్ కింద ఒక ప్లేట్ దించితే సగం దాగిపోతుంది.

మూడోది శ్రీలతక్కను అడగండి, ఆమె తలుపుల స్పెషలిస్టు.

శ్రీలత_సుబేదారి
ఇప్పుడు గుర్తొచ్చానా 🙂

ఈ స్కేల్లో తలుపులు వద్దు. కబ్జా ముక్కకే ఒక స్టడ్ పోతుంది, ముందు తలుపుకీ వెనక తలుపుకీ మధ్య పిల్లర్ లావవుతుంది. అంత కష్టపడి సన్నగా చేసిన పిల్లర్‌ను తలుపు కోసం మళ్లీ గోడ చేస్తారా? వెనక డిక్కీ తలుపు తెరిపించండి, బానెట్ తెరిపించండి. డిక్కీలో సామాను పెట్టొచ్చు, బానెట్ కింద అడ్డంగా మూడు సిలిండర్ల ఇంజన్ చూపించొచ్చు. 1×1 గుండ్రటి బ్రిక్కులు మూడు వరసగా చాలు. తలుపులకు మాత్రం సందు గీత కనిపిస్తే సరిపోతుంది.

లోపల ఒక్కటి చేయండి. 800 తలుపు లోపలి వైపు పైన రేకు తెల్లగా, బాడీ రంగులోనే కనిపించేది. మొత్తం బూడిద రంగు వేయకుండా పైన ఒక తెల్ల ప్లేట్ వదిలేయండి. కిటికీలోంచి చూసినప్పుడు తెలుస్తుంది.

జగిత్యాల_రెడ్డి
నంబర్ ఏం పెడుతున్నారు? టీఎస్ 03 పెడితే ఈమధ్య కాలపు బండిలా ఉంటుందేమో?

కరీంనగర్_కార్బొరేటర్
800కి టీఎస్ ఏంది బాబూ. 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది, టీఎస్ సిరీస్ వచ్చిందేమో జూన్‌లో. కాబట్టి వరంగల్ 800 అంటే ఏపీ 36, కరీంనగర్ 800 అంటే ఏపీ 15.

ఇంకో ముచ్చట. 2010 ఏప్రిల్‌లో బండ్ల పొగ మీద బీఎస్-4 రూల్ వచ్చినప్పుడు హైదరాబాద్‌తో కలిపి 13 నగరాల్లో కొత్త 800 అమ్మకం ఆపేశారు. మన దగ్గర ఆ రూల్ అప్పుడే రాలేదు. అందుకే ఇటువైపు కొంచెం కొత్త 800లు ఇప్పటికీ కనిపిస్తాయి.

హన్మకొండ_పిల్లర్
ఏపీ 36 ఖాయం. స్టిక్కర్ సంగతి?

కాజీపేట_లోకో
చౌరస్తాలో రేడియం స్టిక్కర్లు కోసేవాళ్లు ఎవరైనా చేస్తారు. తెల్ల వినైల్ మీద నల్ల అక్షరాలు, 30×7 మి.మీ. అని కాగితం మీద గీసి ఇవ్వు. నోటితో చెప్తే స్కూటర్ ప్లేట్ సైజు కోసి ఇస్తారు. అక్షరాలు మరీ సన్నవి కాబట్టి మిషన్ కటింగ్ రాకపోతే ప్రింట్ తీయించుకో.

నిర్మల్_పొనికి
ఒక మాట అడగనా? కుదరని చోట ముక్కను కొంచెం కోసి, అతికించి, రంగు వేస్తే అయిపోదా? మా ఊళ్లో పొనికి చెక్క బొమ్మలకు చింతగింజల లప్పం పూసి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేస్తే అతుకు ఎక్కడుందో దొరకదు.

శ్రీలత_సుబేదారి
అమ్మో, ఈ మాట ఇక్కడ అంటే గొడవలైపోతాయి! కోయడం, గమ్ము పెట్టడం, రంగు వేయడం చాలామందికి నిషిద్ధం.

గోదావరిఖని_గేర్
నేను ఆ చాలామందిలో ఒకణ్ని. రంగు వేస్తే అది మంచి మోడలే, కానీ లెగో మోడల్ కాదు. మళ్లీ విప్పి ఇంకోటి కట్టుకునేలా ఉండాలి. స్టిక్కర్ దాకా సరే.

నిర్మల్_పొనికి
మా వాళ్లు వింటే నవ్వుతారు. సరే, మీ ఆచారం మీది.

మంచిర్యాల_స్టడ్
అసలు ఖర్చు సంగతి ఎవరూ మాట్లాడటం లేదే. ముక్కలు ఎక్కడ కొంటారు?

గోదావరిఖని_గేర్
ఇదే పెద్ద బాధ. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. సెట్ల ధరలు చూస్తే గుండె గుభేల్‌మనేది అందుకే. విడి ముక్కలకు బ్రిక్‌లింక్‌లో మన దేశంలోనే అమ్మేవాళ్లు ఉన్నారు, ముందు వాళ్ల దగ్గర వెతకండి. బయటి దేశం నుంచి తెప్పిస్తే షిప్పింగే ముక్కల ధరను దాటుతుంది. ఒక్కో ముక్క ఒక్కో షాపులో కాకుండా, సగానికి పైగా ఒకరి దగ్గరే దొరికేలా చూసుకోండి. దొరకని ముక్కకు బదులు ఇంకోటి పెట్టేలా డిజైన్ మార్చడం పార్సిల్ ఖర్చు కంటే చవక.

స్టూడియోలో ఒక జాగ్రత్త. అందులో ఏ ముక్కకైనా ఏ రంగైనా వేసుకోవచ్చు. ఆ రంగులో ఆ ముక్క నిజంగా తయారైందో లేదో ఆర్డర్ పెట్టే ముందే చూసుకోండి. తెలుపు కాబట్టి మీకు ఇబ్బంది తక్కువ, దాదాపు అన్నీ తెలుపులో ఉంటాయి.

మంచిర్యాల_స్టడ్
చవక కంపెనీల ముక్కలు? నేను ఒక ఆన్‌లైన్ షాపులో కిలో లెక్కన కొన్నాను. తెలుపులోనే మూడు రకాల తెలుపు వచ్చింది. ఒకటి పాల తెలుపు, ఒకటి నీలం కొట్టే తెలుపు, ఒకటి మీగడ రంగు. తిరిగి తీసుకోమంటే ‘రంగు సహజ వ్యత్యాసం’ అని జవాబు. పట్టు కూడా ఒక్కో ముక్కకు ఒక్కోలా ఉంది.

గోదావరిఖని_గేర్
లోపలి అస్థిపంజరానికి వాటిని వాడేయండి, ఏ రంగైనా పర్లేదు. బయటి పెంకుకీ, పక్కకు తిప్పే పనికీ మాత్రం అసలువే. స్నాట్‌లో పట్టు వదులైతే పిల్లర్ ఊడి చేతికొస్తుంది. పాత తెల్ల ముక్కలు కొంటే పసుపు తిరిగాయేమో ఫొటో అడగండి. ఏబీఎస్ ప్లాస్టిక్ ఎండకు పసుపెక్కుతుంది. కట్టాక కూడా కిటికీ పక్కన పెట్టొద్దు, మన మే నెల ఎండలు తెలిసినవే.

జగిత్యాల_రెడ్డి
అభిమానుల డిజైన్లకు ఓట్లు వేసే లెగో ఐడియాస్‌కి పంపండి సార్! 10,000 ఓట్లు వస్తే కంపెనీయే పరిశీలిస్తుంది. 25 లక్షల మందికి పైగా కొన్న బండి, ఓట్లకు కరువా?

శ్రీలత_సుబేదారి
ఓట్లు వస్తాయేమో. ఆ తర్వాత లైసెన్సు, అమ్మకాల లెక్క, వాళ్ల ఇష్టం. అంతదాకా మన పని మనం చేసుకుందాం.

హన్మకొండ_పిల్లర్
ఆర్డర్ పెట్టేశాను. పెంకు మొత్తం కొత్త తెల్ల ముక్కలు ఒకే షాపు నుంచి, లోపలికి ఇంట్లో ఉన్న రంగురంగుల పాతవి. ఎడమ అద్దం తీసేశాను, తలుపులు కదలవు, డిక్కీ తెరుచుకుంటుంది. హెడ్‌లైట్లు ఎలా చేస్తారో చెప్పగలరా? 1994 మోడల్‌కి దీర్ఘచతురస్రం లైట్లు, పక్కనే ఆరెంజ్ ఇండికేటర్.

గోదావరిఖని_గేర్
1×2 ట్రాన్స్‌పరెంట్ టైల్‌ను పక్కకు స్టడ్ ఉన్న బ్రిక్ మీద పెట్టండి. వెనక లేత బూడిద రంగు ముక్క ఉంటే రిఫ్లెక్టర్ మెరుపు వస్తుంది, తెల్లది ఉంటే లైటు గుడ్డిగా కనబడుతుంది. ఇండికేటర్‌కి ట్రాన్స్‌పరెంట్ ఆరెంజ్ 1×1 టైల్ ఫెండర్ మూల మీద. రెండు లైట్ల మధ్య గ్రిల్‌కి నల్ల గ్రిల్ టైల్స్, గీతలు అడ్డంగా ఉండేలా.

కరీంనగర్_కార్బొరేటర్
గ్రిల్ మరీ ఎత్తు పెట్టకు. లైటు ఎత్తు ఎంతో అంతే, దాని కింద వెంటనే బంపర్. పార్సిల్ వచ్చి ముందు భాగం కట్టగానే ఫొటో పెట్టు, టాపు ఎక్కించకముందే చూసి చెప్తా.